సాంచాల పక్కన మొదటి కంప్యూటర్



సోలాపూర్ జోడ్‌భావి పేట్‌లో ఉండే ఒక కుర్రవాడు తన మొదటి డెస్క్‌టాప్ కంప్యూటర్‌ను విడిభాగాలు కొని తానే కూర్చుకోవాలనుకుంటే దేని మీద ఎక్కువ ఖర్చు పెట్టాలి, దేని మీద తగ్గించాలి? ఈరోజు నేను మాట్లాడబోయేది దాని గురించే. సిరిసిల్లలో, భివండీలో, ఇచల్‌కరంజీలో ఉన్నవాళ్లకు కూడా ఇందులో చాలావరకు పనికొస్తుంది. ఇంటి గోడకు అవతల మరమగ్గం, అంటే సాంచా, ఆడే చోటల్లా కంప్యూటర్‌కు వచ్చే కష్టాలు ఒకే తీరుగా ఉంటాయి.

ఆ పేట తెలియనివారి కోసం కొంచెం చెబుతాను. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు నుంచి పద్మశాలీ కుటుంబాలు బతుకుదెరువు వెతుక్కుంటూ సోలాపూర్ చేరి తరాలు గడిచాయి. 1877లో అక్కడ మొదటి నూలు మిల్లు మొదలైంది. మిల్లుల వెంట మగ్గాలు, మగ్గాల వెంట మనవాళ్లు. మగవాళ్లు నేతలో, ఆడవాళ్లు చాలామంది బీడీల పనిలో కుదురుకున్నారు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. సోలాపూర్ చాదర్‌కు, టర్కీ టవల్‌కు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ చాదర్ మీద నెమలి, పూలతీగ, అంచు గళ్లు మొదట ఎవరో ఒకరు గీయాలి కదా. ఒకప్పుడు గళ్ల కాగితం మీద రంగు పెన్సిళ్లతో గీసేవారు. ఇప్పుడు ఆ గీత కంప్యూటర్ మీదికి వచ్చింది.

మా అక్క కొడుకు అక్కడే ఒక డిజైనర్ దగ్గర పని నేర్చుకుంటున్నాడు. ఈమధ్య ఫోన్ చేసి, "మామా, సొంతంగా పీసీ కట్టుకుందామనుకుంటున్న. వీడియోలు చూసిన. అందరూ గ్రాఫిక్స్ కార్డు గురించే చెప్తున్నరు. నా దగ్గర నలభై వేలున్నయి. ఏది కొనమంటవు?" అన్నాడు.

"ముందు రెండు సంగతులు చెప్పురా. దాని మీద ఏం పని చేస్తవు? ఇంట్ల ఎక్కడ పెడుతవు?" అని అడిగాను.

"పని డిజైన్లదే. పెట్టేది ముందర్రూములో. గోడ అవతలనే కార్ఖానా."

ఆ రెండో జవాబుతోనే సగం కొనుగోలు తేలిపోయింది. వాడు చూసిన వీడియోల్లో కంప్యూటర్ ఉన్న గది చల్లగా, శుభ్రంగా, కరెంటు నిలకడగా ఉన్న గది. వీడి గదిలో గాలి నిండా నూలు పీచు, వైర్లలో ఎగుడుదిగుడు కరెంటు, వేసవిలో రేకుల కింద సెగ. కాబట్టి మొదటి రూపాయి ప్రాసెసర్ మీద కాదు, కరెంటును, పీచును కాచుకునే వాటి మీద పెట్టాలని నేను గట్టిగా చెబుతాను. ఎందుకో వివరిస్తాను. ముందు పని సంగతి తేల్చుకుందాం.

జకార్డు డిజైన్ అంటే కంప్యూటర్ దృష్టిలో ఏమిటి? ఒక్కో గడి ఒక పడుగు పోగు, ఒక పేక పోగు కలిసే చోటు. 2,688 హుక్కుల ఎలక్ట్రానిక్ జకార్డు మీద 4,000 పిక్కుల డిజైన్ గీశారనుకోండి. హుక్కు పడుగుకు, పిక్కు పేకకు లెక్క. రెండూ గుణిస్తే సుమారు ఒక కోటీ ఏడున్నర లక్షల గళ్లు. చాదర్‌లో రంగులు పదీ పన్నెండుకు మించవు. 256 రంగుల దాకా గడికి ఒక బైటు చాలు. అంటే ఇంత పెద్ద డిజైన్ కూడా పది, పదకొండు ఎంబీల్లో ఇమిడిపోతుంది. ఇవాళ్టి ఫోన్ తీసే ఫొటోలు కొన్ని కూడా దాదాపు అంతే ఉంటాయి. ఈ పనికి వేలు పోసి వేరే గ్రాఫిక్స్ కార్డు కొనడం దండగ. త్రీడీ ఆటలు ఆడేవారికి, వీడియో ఎడిటింగ్ వృత్తిగా చేసేవారికి దాని అవసరం ఉంది. అలాంటివాళ్లకు నా లెక్క వేరేగా ఉంటుంది. గళ్లు నింపే పిల్లవాడికి మాత్రం అది అక్కర్లేదు.

ఈ జకార్డు పేరు ఎక్కడిదో కూడా చెబుతాను. చిల్లుల అట్టలతో మగ్గాన్ని నడిపించే యంత్రాన్ని ఫ్రాన్స్‌లో జోసెఫ్ మరీ జకార్డ్ 1804లో తెచ్చాడు. 1839లో అదే పద్ధతిలో సుమారు 24,000 అట్టలు వాడి ఆయన బొమ్మనే పట్టు మీద నేశారు. లెక్కల యంత్రం గురించి కలలుగన్న చార్లెస్ బాబేజ్ ఆ నేత బొమ్మ ఒకటి తెప్పించుకుని తన దగ్గర పెట్టుకున్నాడు. 1890లో అమెరికా జనాభా లెక్కలకు హాలరిత్ వాడినవీ చిల్లుల కార్డులే. ఈ కథ చాలామంది చెప్పిందే. జోడ్‌భావి పేట్ పిల్లలకు మాత్రం ఇది పుస్తకంలో చదివే చరిత్ర కాదు. చిల్లు ఉంటే పోగు లేస్తుంది, లేకపోతే లేవదు అన్నది వాళ్లు బడికి పోకముందే ఇంట్లో చూశారు. కంప్యూటర్ లోపలి పని వాళ్లకు అర్థం కాదేమోనన్న జంకు తల్లిదండ్రులకు వద్దు.

ఇక ప్రాసెసర్. తెర మీద బొమ్మ చూపించే సత్తా ప్రాసెసర్‌లోనే ఉన్నది ఎంచుకోవాలి. ఇక్కడ పేరు చివర ఉండే అక్షరం జాగ్రత్తగా చదవాలి. ఇంటెల్‌లో చివర 'ఎఫ్' ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండదు. కోర్ ఐ3 12100 కొంటే తెర వెలుగుతుంది, 12100ఎఫ్ కొంటే విడిగా కార్డు పెడితే తప్ప వెలగదు. ఎఎండీలో పాత ఏఎం4 తరం ప్రాసెసర్లకు చివర 'జి' ఉండాలి. రైజెన్ 5 5600జిలో గ్రాఫిక్స్ ఉంది, 5600లో లేదు. వెల కాస్త తక్కువని ఎఫ్ రకం తెచ్చుకుని, ఇంటికొచ్చాక తెర నల్లగా ఉంటే ఏది చెడిపోయిందో తెలియక వెతుక్కునేవాళ్లు ఉంటారు. అంగట్లో డబ్బా తీసుకున్నప్పుడే ఆ అక్షరం చూసుకోండి.

ప్రాసెసర్‌కూ మదర్‌బోర్డుకూ సాకెట్ కలవాలి. ఏఎం4 ప్రాసెసర్ ఏఎం5 బోర్డులో కూర్చోదు. ఇంటెల్ 12, 13, 14 తరాలు ఎల్‌జీఏ 1700 సాకెట్‌వి. బోర్డు డీడీఆర్4 ర్యామ్‌దా, డీడీఆర్5దా అన్నది కూడా ముందే చూడాలి. రెంటికీ గాడి వేర్వేరు చోట ఉంటుంది, ఒకటి ఇంకోదాంట్లోకి దిగదు. ఎల్‌జీఏ 1700 బోర్డుల్లో రెండు రకాలూ అమ్ముతారు కాబట్టి అక్కడ పొరపాటుకు వీలెక్కువ. ముందుముందు మార్చుకునే వీలుండాలంటే ఏఎం5 మంచిదే. ఆ సాకెట్‌కు 2027, ఆ తర్వాత కూడా కొత్త ప్రాసెసర్లు ఇస్తామని ఎఎండీ చెప్పింది. అయితే అది డీడీఆర్5 ర్యామ్‌తోనే నడుస్తుంది, పైగా 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. కృత్రిమ మేధ కోసం కట్టే డేటా సెంటర్లు మెమరీ చిప్పులను పెద్ద ఎత్తున లాగేసుకోవడమే అందుకు ముఖ్య కారణం. ఈ పరిస్థితిలో నలభై వేలతో బయల్దేరిన కుర్రవాడు డీడీఆర్4 బోర్డు తీసుకుని, ఇంట్లో లేదా తెలిసినవారి దగ్గర పాత డీడీఆర్4 ర్యామ్ ఉంటే వాడుకోవడంలో నామోషీ ఏమీ లేదు.

పాత భాగాల మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11కు ఇంటెల్ అయితే ఎనిమిదో తరం, ఎఎండీ అయితే రైజెన్ 2000 వరుస, లేదా వాటి తర్వాతివి కావాలి. టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం కూడా ఉండాలి. ఆఫీసుల నుంచి వచ్చే పాత కంప్యూటర్లు చవకగా దొరుకుతాయి. అవి ఏ తరంవో అడగకుండా డబ్బు చేతిలో పెట్టకండి. విండోస్ లైసెన్సు ఖర్చు కూడా మొదటి లెక్కలోనే రాసుకోండి. ఎక్కడెక్కడివో దొంగ కాపీలు వేసుకుంటే వాటి వెంట వైరస్ వచ్చి, డిజైన్లన్నీ తాళం పడిపోయే ప్రమాదం ఉంది. పని నేర్చుకునే దశలో ఉన్నవాళ్లు ఉచితంగా దొరికే జింప్‌తో మొదలుపెట్టవచ్చు. అందులో రంగులను 256కు, ఇంకా తక్కువకు కుదించి గడి గడిగా గీసుకునే వీలుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కరెంటు.

మరమగ్గం మోటారు సుమారు ఒక హార్స్‌పవర్‌ది, అంటే దాదాపు 750 వాట్లు. ఆడుతున్నప్పుడు తీసుకునే కరెంటు ఒక ఎత్తు, ఆగి ఉన్న మోటారు బయల్దేరేటప్పుడు లాగేది ఒక ఎత్తు. ఆ క్షణంలో ఐదారు రెట్లు లాగుతుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు పేటలోని కార్ఖానాలన్నీ ఒక్కసారి మొదలుపెడితే ఇళ్లలో లైట్లు మినుకుమంటాయి. మీకు అలవాటే. ఆ మినుకుమనడంలో వోల్టేజీ ఎంత పడిపోయిందో కంప్యూటర్‌కు తెలుస్తుంది.

కంప్యూటర్‌లో ఈ దెబ్బను మొదట తినేది పవర్ సప్లై. మనవాళ్లు ఎస్‌ఎంపీఎస్ అంటారు. చవక క్యాబినెట్‌తో పాటు ఊరికే వచ్చే ఎస్‌ఎంపీఎస్‌ను నమ్మకండి. దాని మీద 450 వాట్లు అని రాసి ఉన్నా అంత ఇవ్వలేదు. అది పోయేటప్పుడు మదర్‌బోర్డును కూడా తీసుకుపోవచ్చు. మంచి కంపెనీది విడిగా కొనండి. నేను చెప్పిన రకం కంప్యూటర్ గట్టిగా పనిచేస్తున్నప్పుడు కూడా 150 వాట్లు దాటడం అరుదు. 450 వాట్లది పుష్కలంగా సరిపోతుంది. రేపు ఓ మాదిరి గ్రాఫిక్స్ కార్డు పెట్టే ఆలోచన ఉంటే 550 తీసుకోండి. డబ్బా మీద 80 ప్లస్ బ్రాంజ్, గోల్డ్ అని ముద్రలుంటాయి. అవి కరెంటు ఎంత తక్కువ వృథా అవుతుందో చెప్పేవి. ఎంతకాలం మన్నుతుందో అవి చెప్పవు. మన్నిక గురించి వారంటీ ఏళ్లు కొంత చెబుతాయి.

ఆ ఎస్‌ఎంపీఎస్ పక్కకు తిప్పి, అంటించిన చీటీ చదవండి. ఇన్‌పుట్ అన్న వరుసలో కొన్నింటి మీద 100 నుంచి 240 వోల్టులు అని ఉంటుంది. కొన్నింటి మీద 200 నుంచి 240 అని ఉంటుంది. రెండూ ఒకే కంపెనీవి కావచ్చు, రెండింటి మీదా బ్రాంజ్ ముద్ర ఉండవచ్చు. మీ ఇంట్లో సాయంత్రం వోల్టేజీ 180కి జారుతుంటే రెండో రకం తడబడి ఆగిపోవచ్చు, మొదటిది నిభాయించుకుంటుంది. అంగట్లో ఎవరూ చెప్పరు. కళ్లద్దాలు పెట్టుకునైనా ఆ సన్నటి అక్షరాలు చదివి 100 నుంచి మొదలయ్యేదే తీసుకోండి.

దాని ముందు యూపీఎస్ ఉండాలి. ఇది విలాసం కాదు. డిజైన్ సేవ్ అవుతున్న క్షణంలో కరెంటు పోతే ఆ ఫైలు మళ్లీ తెరుచుకోకపోవచ్చు. యూపీఎస్ మీద 600 వీఏ అని ఉంటే అది 600 వాట్లు కాదు, మామూలుగా 360 వాట్లే. మన కంప్యూటర్‌కు, మానిటర్‌కు అది చాలు. పది నిమిషాలు నిలబడితే అంతే కావాలి, పని సేవ్ చేసి మూసేయవచ్చు. వోల్టేజీని తనంతట తాను సర్దే ఏవీఆర్ ఉన్నదేనా అని అడిగి తీసుకోండి. అది లేకపోతే వోల్టేజీ జారిన ప్రతిసారీ బ్యాటరీ మీదికి పోయి బ్యాటరీ త్వరగా చస్తుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అంటారేమో. దాని వెనక యూపీఎస్ మోడ్ అనే మీట ఉంటే అందులో పెట్టండి, అప్పుడే కరెంటు మారే వేగం కంప్యూటర్‌కు సరిపోతుంది. మామూలు మోడ్‌లో ఫ్యాన్ ఆగదు గానీ కంప్యూటర్ ఆగిపోవచ్చు.

ఎర్తింగ్ గురించి చెప్పకుండా ముందుకు పోలేను. పాత ఇళ్లలో మూడు కన్నాల ప్లగ్గు ఉంటుంది, మూడో కన్నం వెనక వైరు ఉండదు. అలాంటి చోట కంప్యూటర్ పెట్టి, చెప్పుల్లేని కాళ్లతో నేల మీద నిలబడి క్యాబినెట్ ఇనుప అంచు తాకితే వేలికి జివ్వుమంటుంది. కంప్యూటర్ చెడిపోయిందని చాలామంది అనుకుంటారు. చెడిపోలేదు. ఎస్‌ఎంపీఎస్ లోపల కరెంటులోని రొదను వడకట్టి ఎర్త్‌లోకి పంపే చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ లేకపోతే వాటి గుండా వచ్చే వోల్టేజీ డబ్బా మీదే నిలుస్తుంది. కరెంటు బహు తక్కువే అయినా, ఆన్‌లో ఉండగా మానిటర్ వైరు పీకి పెట్టినప్పుడు బోర్డు మీద పోర్టు కాలడానికి అది చాలు. పైగా నిజంగా లోపల ఏదైనా వైరు తెగి డబ్బాకు తగిలితే ప్రాణం మీదికి వస్తుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి సరైన ఎర్త్ వేయించండి. న్యూట్రల్‌కు, నల్లా పైపుకు కలిపి ఎర్త్ అయిందనిపించే పని ఎవరు చేస్తామన్నా ఒప్పుకోవద్దు. ఆ ఖర్చును కంప్యూటర్ ఖర్చుగానే రాసుకోండి. విడిభాగాల జాబితాలో ఎక్కడా కనిపించని ఈ వస్తువు నా జాబితాలో మొదటిది.

ఇక పీచు. మగ్గాల దగ్గర ఏడాది నడిచిన కంప్యూటర్ పక్క రేకు విప్పి చూసినవాళ్లకు తెలుస్తుంది. ప్రాసెసర్ మీద కూర్చున్న ఫ్యాన్‌కు, దాని కింద అల్యూమినియం రెక్కలకు మధ్య నూలు పీచు పొరలు పొరలుగా పేరుకుని బూడిదరంగు కంబళి ముక్కలా అల్లుకుపోయి ఉంటుంది. వేలితో అంచు పట్టి లాగితే మొత్తం ఒకే ముక్కగా ఊడి వస్తుంది. ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, గాలి మాత్రం రెక్కలకు తగలదు. ప్రాసెసర్ వేడెక్కి తన వేగం తానే తగ్గించుకుంటుంది. కంప్యూటర్ పాతబడింది, స్లో అయింది అని మనం అనుకుంటాం. ఇంట్లో బీడీలు చుడుతుంటే పొగాకు పొడి కూడా దీనికి తోడవుతుంది.

అందుకని క్యాబినెట్ ఎంచుకునేటప్పుడు రంగు లైట్లు చూడకండి, ముందు భాగం చూడండి. ముందంతా మూసిన అద్దం ఉంటే గాలి రాదు. పెద్ద పెద్ద కన్నాలు మాత్రమే ఉంటే గాలితో పాటు పీచు నేరుగా లోపలికి పోతుంది. కన్నాల వెనక తీసి కడుక్కునే సన్నటి వల ఫిల్టర్ ఉన్నది కావాలి. కిందివైపు ఎస్‌ఎంపీఎస్ గాలి పీల్చే చోట కూడా ఫిల్టర్ ఉండాలి. ముందు రెండు ఫ్యాన్లు గాలిని లోపలికి లాగాలి, వెనక ఒక్కటి బయటికి తోయాలి. లోపలికి వచ్చే గాలి ఎక్కువగా ఉంటే క్యాబినెట్ సందుల్లోంచి గాలి బయటికే పోతుంది, వల దాటకుండా పీచు దొంగదారిన రాదు. బయటికి తోసే ఫ్యాన్లు ఎక్కువైతే ఇది తిరగబడి, ప్రతి సందూ పీచు పీల్చే నోరవుతుంది. డబ్బాను నేల మీద పెట్టవద్దు, రెండడుగుల ఎత్తు బల్ల మీద పెట్టండి. నడుస్తున్నప్పుడు గుడ్డ కప్పవద్దు.

శుభ్రం చేయడానికి కార్ఖానాలో కంప్రెసర్ ఉంది కదా, సాంచాలను దులిపినట్టే దీన్నీ దులిపేద్దాం అని మన పిల్లలకు తోస్తుంది. ఆ గాలిలో నీటి చెమ్మ, నూనె తుంపర ఉంటాయి, ఒత్తిడీ ఎక్కువ. బోర్డు మీద దాన్ని కొట్టవద్దు. మెత్తని పెయింట్ బ్రష్, చిన్న బ్లోయర్ చాలు. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో కదలకుండా పట్టుకోవాలి, లేకపోతే అది పిచ్చి వేగంతో తిరిగి బేరింగ్ పాడవుతుంది. కరెంటు ప్లగ్గు ముందే తీసేయాలని వేరే చెప్పనక్కర్లేదు.

సోలాపూర్ ఎండాకాలంలో వేడి 42 డిగ్రీలు దాటడం మామూలే. రేకుల ఇంట్లో లోపల కూడా నలభైకి తక్కువ ఉండదు. ప్రాసెసర్ వేడి ఎప్పుడూ గది వేడి మీద లెక్క. ఇరవై అయిదు డిగ్రీల గదిలో డెబ్బై దగ్గర నిలిచేది ఇక్కడ ఎనభై అయిదుకు పోతుంది. నేను 60, 65 వాట్ల తరగతి ప్రాసెసర్లనే చెబుతున్నది ఇందుకే. ఐ3 12100, 5600జి ఆ కోవలోవే. ఇంకా పైవి కొని, వేడికి అవి సగం వేగంతో నడుస్తుంటే కట్టిన డబ్బు బూడిదలో పోసినట్టే.

ర్యామ్, డిస్కు సంగతి త్వరగా ముగిస్తాను. 16 జీబీ ర్యామ్ సరిపోతుంది. వీలైతే ఎనిమిదేసి జీబీల కర్రలు రెండు తీసుకోండి. గ్రాఫిక్స్ ప్రాసెసర్‌లోనే ఉన్నప్పుడు అది ఈ ర్యామ్‌నే వాడుకుంటుంది, రెండు దారుల్లో అందితే దానికి హాయి. డబ్బు చాలకపోతే ఇప్పుడు ఒకటి, తర్వాత ఇంకొకటి. డిస్కు 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ చాలు. డిజైన్లు చిన్న ఫైళ్లేనని ముందే లెక్క వేసుకున్నాం.

గ్రాఫిక్స్ కార్డు మీద మిగిలిన డబ్బును నేను మానిటర్ మీద పెట్టిస్తాను. డిజైనర్‌కు పని ముట్టు అదే. ఐపీఎస్ ప్యానెల్ ఉన్నది తీసుకోవాలి. చవక టీఎన్ ప్యానెల్‌లో తల కాస్త పైకెత్తితే ఎరుపు ఇంకో ఎరుపు అవుతుంది. తెర ఎన్ని రంగులు చూపగలదో చెప్పే కొలత ఎస్‌ఆర్‌జీబీ. అది ఎంత శాతమో మానిటర్ వివరాల్లో చదివి, వందకు దగ్గరగా ఉన్నది చూడండి. అయినా తెర మీది రంగు నూలు రంగు కాదు. తెర వెలుతురును వదులుతుంది, నూలు తన మీద పడిన వెలుతురును తిప్పి పంపుతుంది. ఎంత ఖరీదైన మానిటర్ అయినా రంగు ఖాయం చేసే ముందు షేడ్ కార్డులోని నూలు కండెను పగటి వెలుతురులో చూసి తీరాలి. చాదర్ల పెద్ద డిజైనర్లు ఇప్పటికీ గుమ్మంలోకి వెళ్లి కండె చూస్తారు, కంప్యూటర్ వచ్చాక కూడా ఆ అలవాటు మానుకోకూడదు.

ఎక్కడ కొనాలి? సోలాపూర్‌లోనే నవీ పేట్ వైపు అంగళ్లున్నాయి. హైదరాబాద్ చుట్టాల ఇంటికి వచ్చినప్పుడు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ, అంటే చెనాయ్ ట్రేడ్ సెంటర్, ఒకసారి తిరగండి. అంతస్తులన్నీ కంప్యూటర్ అంగళ్లే, ధరలు పోల్చుకోవడానికి మంచి చోటు. ఎక్కడ కొన్నా జీఎస్టీ బిల్లు, బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి. బిల్లు లేకుండా తగ్గించి ఇస్తామంటే ఆ తగ్గింపు మీ వారంటీలోంచి తీసిందే. ప్రాసెసర్ సీలు డబ్బాలో ఉన్నదే తీసుకోండి. విడిగా కవర్లో పెట్టి ఇచ్చే ట్రే రకానికి చాలాసార్లు కంపెనీ వారంటీ ఉండదు, అమ్మినవాడి మాటే వారంటీ. భాగాలన్నీ కొన్నాక ఒక్కటి చెడినా దాన్ని కంపెనీకి పంపి తెప్పించుకోవాల్సింది మీరే. దగ్గరి అంగడివాడు ఆ పని చేసిపెడతానంటే మదర్‌బోర్డు, ఎస్‌ఎంపీఎస్ అతని దగ్గర కొనడమే మేలు, నాలుగు వందలు ఎక్కువైనా సరే.

కూర్చేటప్పుడు తొందర వద్దు. పక్క కార్ఖానాకు సెలవున్న రోజు పెట్టుకోండి, గాలిలో పీచు తక్కువ ఉంటుంది. సింథటిక్ నూలు ముట్టుకుని వచ్చిన చేతులతో మొదలుపెట్టవద్దు. పొడిగాలిలో ఒంటి మీద స్థిర విద్యుత్తు పేరుకుంటుంది. ఎర్త్ అయిన ఇనుమును ఒకసారి తాకి కూర్చోండి. మదర్‌బోర్డును దాని అట్టపెట్టె మీదే పరవండి. ప్రాసెసర్ ఒక మూలన చిన్న త్రికోణం గుర్తు ఉంటుంది, సాకెట్ మీదా అలాంటిదే ఉంటుంది. మీట పైకెత్తి, రెండు గుర్తులూ ఒకే మూలకు వచ్చేలా ప్రాసెసర్‌ను వదలాలి. వదలాలి అన్నాను, నొక్కాలి అనలేదు. ఏఎం4లో సూదుల్లాంటి కాళ్లు ప్రాసెసర్‌కే ఉంటాయి, ఎల్‌జీఏ 1700లో, ఏఎం5లో సాకెట్‌లో ఉంటాయి. ఏవి వంగినా వ్యవహారం చెడుతుంది. సరిగ్గా పడితే దాని బరువుకే అది దిగుతుంది. దిగకపోతే తీసి, గుర్తులు చూసి మళ్లీ పెట్టండి. తెగిన పడుగు పోగును అచ్చులోకి ఎక్కించిన వేళ్లకు ఈ సున్నితం కొత్త కాదు.

బోర్డు మీద నాలుగు గాళ్లుండి, ర్యామ్ కర్రలు రెండుంటే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో, నాలుగో గాడిలో పెట్టండి, చాలా బోర్డులకు అదే సరైన చోటు. క్లిప్పు టక్కుమనేదాకా నొక్కాలి, ఇక్కడ బలం కావాలి. క్యాబినెట్‌లో బిగించక ముందే, ప్రాసెసర్ మీద దాని ఫ్యాన్ బిగించి, అట్టపెట్టె మీదే ఎస్‌ఎంపీఎస్ కలిపి ఒకసారి వెలిగించి చూడండి. పెద్ద ఇరవై నాలుగు పిన్నుల వైరు అందరూ పెడతారు. ప్రాసెసర్ పక్కన పైమూలలో ఉండే ఎనిమిది పిన్నుల వైరు మరిచిపోతారు, అది లేకపోతే ఫ్యాన్ తిరిగినా తెర రాదు. తెర వచ్చి, ర్యామ్ ఎంత, ప్రాసెసర్ ఏది అన్నది బయోస్‌లో, అంటే బోర్డు సొంత సెట్టింగుల తెర మీద, కనిపించాక డబ్బాలో బిగించండి. బోర్డు కింద ఇత్తడి స్టాండాఫ్‌లు స్క్రూ కన్నాలున్న చోటే ఉండాలి. అనవసరమైన చోట ఒకటి మిగిలితే బోర్డు వెనక షార్ట్ అవుతుంది.

నడవడం మొదలైన వారంలో రెండు పనులు చేయండి. డిజైన్ సాఫ్ట్‌వేర్ నడుస్తుండగా ప్రాసెసర్ వేడి ఎంతుందో చూసి ఒక కాగితం మీద రాసి క్యాబినెట్ లోపలివైపు అంటించండి. నెలకోసారి చూస్తూ పోతే, అదే గది వేడికి అంకె పది డిగ్రీలు పెరిగిన రోజున ఫిల్టర్ నిండిందని తెలిసిపోతుంది. రెండోది, డిజైన్ల నకలు. విడిగా ఒక బయటి హార్డ్‌డిస్కు కొని ప్రతి శనివారం అందులోకి ఎత్తి, వైరు పీకి బీరువాలో పెట్టండి. తగిలించి ఉంచిన డిస్కు నకలు కిందికి రాదు, పిడుగుపాటుకు రెండూ ఒకేసారి పోతాయి.

మా మేనల్లుడు జాబితా రాసుకున్నాడు. అందులో గ్రాఫిక్స్ కార్డు పేరు కొట్టేశాడు. ఎర్తింగ్‌కు ఎలక్ట్రీషియన్ ఎంత అడుగుతాడో కనుక్కుంటానన్నాడు. వాడితో పాటు మా చెల్లెలి బిడ్డ కూడా కూర్చోవాలని నేను పట్టుబట్టాను. ఆ పిల్లకు వాడికన్నా రంగుల జ్ఞానం ఎక్కువ. ఇంట్లో ఒక్క కంప్యూటరే ఉన్నప్పుడు విప్పడం, బిగించడం ఇద్దరికీ వచ్చి ఉండాలి.